రేవు కొట్టులో నత్త సీసా

ఈ ఉదయం పక్క కొట్టువాళ్ళు గోడలకి వెల్ల వేయించడానికి సున్నం తడిపారు. బకెట్లో రాళ్ళు, పైన నీళ్ళు, అంతే. కాసేపటికి కింద నిప్పన్నది లేకుండానే అది కుతకుతా ఉడికింది. ఆవిరి లేచింది. ఆ ఘాటు వాసన నా సోడా కొట్టులోకి వచ్చి కూర్చుంది. ఆ వాసన తగిలితే అందరికీ తుమ్ములొస్తాయి. నాకు ఎస్తేరు టీచరు గారు వస్తారు.

ఆవిణ్ణి ఎరగనివాళ్ళ కోసం చెబుతాను. నరసాపురం రేవులో పంటు ఎక్కి గోదావరి దాటేవాళ్ళకి గోలీసోడా అమ్మడం తొంభైల నుంచీ నా పని. ఎస్తేరు టీచరు గారిది గోదావరి అవతలి ఒడ్డు. రోజూ పొద్దున్నే పంటు మీద వచ్చి ఊళ్ళో ఆడపిల్లల హైస్కూల్లో నేచురల్ సైన్సు చెప్పేవారు. సాయంత్రం తిరుగు పంటు వచ్చేదాకా నా కొట్టు బల్ల మీద కూర్చునేవారు. సన్నగా, పొడుగ్గా, గంజిపెట్టిన నూలు చీరలో, ఎండ ఉన్నా లేకపోయినా గొడుగుతో. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడేనట. మా కొట్టులో మాత్రం ఎత్తుకునేది ప్రశ్న. జవాబు తెలిసినా చెప్పరు. ఇంకో ప్రశ్న తగిలించి, సోడా పూర్తిచేసి, పంటు ఎక్కేస్తారు. తెల్లారేదాకా జుట్టు పీక్కోవడం మన వంతు.

నేను ఎనిమిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. ఓ రోజు మాస్టారు నన్ను లేపి కిరణజన్య సంయోగక్రియ అనమన్నారు. ఎన్నిసార్లు అన్నా అన్నిసార్లూ కొత్తమాటే వచ్చింది. క్లాసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. నవ్వుకుంటూ బయటికి వచ్చినవాణ్ణి మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. అప్పట్నుంచీ ఎవరైనా నన్ను చూసి నవ్వేలోగా నేనే వాళ్ళని నవ్వించేయడం అలవాటు చేసుకున్నాను. పరీక్ష అనే మాట చెవినపడితే మాత్రం ఆ గదీ ఆ నవ్వూ మళ్ళీ చుట్టూ మూగుతాయి.

టీచరు గారితో నా చదువు సున్నం బకెట్ దగ్గరే మొదలైంది. అప్పుడూ ఇలాగే ఎవరో గోడలకి వెల్ల వేయిస్తున్నారు. నిప్పు లేకుండా ఉడుకుతోందే, ఆ వేడి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగారావిడ. సున్నానికి కోపం వచ్చి ఉంటుందండీ అన్నాను. నవ్వలేదు. ఆ వేడి రాళ్ళలోనే దాక్కుని ఉండి ఉంటుందా, అయితే అందులోకి దాన్ని ఎవరు పెట్టారు అని అడిగి వెళ్ళిపోయారు. మర్నాడు వచ్చేసరికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: బట్టీలో కాల్చినప్పుడు లోపలికి పోయిన మంట అయ్యుంటుందండీ. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని నన్ను కొత్తగా చూశారు. తర్వాత తేరిన సున్నపు నీళ్ళు గ్లాసులో వంచి, గొట్టంతో ఊదమన్నారు. ఊదాను. తేటగా ఉన్నవి పాలలా తెల్లబడ్డాయి. ఇంకో గ్లాసు తేటలో నా సోడా కొన్ని చుక్కలు పోయమన్నారు. అదీ తెల్లబడింది. రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను.

"అంటే టీచరు గారండీ, ఇన్నాళ్ళూ నేను జనం వదిలేసిన ఊపిరినే సీసాలో పెట్టి వాళ్ళకే అమ్ముతున్నానన్నమాట."

"నువ్వొక్కడివే కాదు సత్తిబాబూ. చెట్లన్నీ దాంతోనే వంట చేసుకుంటాయి. పొయ్యి మాత్రం ఎండది."

గాలి ఎక్కువై పంటు ఆపేసిన ఓ సాయంత్రం నన్ను స్కూలు సైన్సు గదికి తీసుకెళ్ళారు. మైక్రోస్కోపు కింద ఉల్లిపొర పెట్టి చూడమన్నారు. వరుసగా మళ్ళు, మధ్యలో గట్లు. గోదావరి జిల్లా మొత్తాన్నీ ఎవరో ఉల్లిపాయలో మడిచి పెట్టినట్టుంది. తర్వాత అగ్గిపుల్లతో నా బుగ్గ లోపల గీకి, నీలం చుక్క వేసి అదీ చూపించారు. నా నోట్లో మాటలు తప్ప ఇంకేమీ లేవని ఊరంతా అనుకుంటోందండీ అన్నాను. అక్కడ ఒంకరటింకర అప్పడాల్లాంటివి, ఒక్కోదాని మధ్యలో ఒక్కో బొట్టు. ఉల్లికి గట్లున్నాయి, నాకు లేవేంటని అడిగాను. ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు ఆవిడ ముఖం వెలిగిపోయింది. "గట్లున్న ఉల్లి ఉన్నచోటే నిలబడాలి. నువ్వు తిరగాలి కదా."

ఆ రోజు నుంచి కొత్త పాట మొదలైంది. ప్రైవేటుగా టెన్త్ కట్టు, టెన్త్ కట్టు. సోడా కొట్టడానికి టెన్త్ ఎందుకండీ అని దాటవేసేవాణ్ణి. ఆవిడ వదిలే రకం కాదు. చివరికి వేసవి సెలవులకి ముందు ఓ పందెం పెట్టారు. నా కొట్టులోని ఖాళీ బిస్కెట్ల సీసా అడిగి తీసుకుని, పంటకాలవలోని మట్టీ నీళ్ళూ, గుప్పెడు నాచూ, వేలిగోరంత నత్తా అందులో వేశారు. మూత బిగించి కొవ్వొత్తి మైనంతో అంచంతా మూసేశారు. బడులు తెరిచేదాకా మూత తియ్యకూడదు, మేత వెయ్యకూడదు. నత్త బతికుంటే నేను టెన్త్ కట్టాలి. చస్తే ఆవిడ ఇక జన్మలో నా ముందు పరీక్ష మాట ఎత్తరు.

పంటు టికెట్లు చింపే సూర్రావు పక్కనే ఉన్నాడు. "గాలే లేదు, రేపటికి గోవిందా," అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. పైగా సీసా నా దగ్గరే ఉండాలట.

"పందెం కాసినవాడి చేతికే ఇచ్చి వెళ్తారేంటండీ? రాత్రికి రాత్రి చంపేస్తే?"

"చంపవు. చూడ్డానికే నీకు టైము చాలదు," అని గొడుగు తీసుకుని పంటు ఎక్కేశారు.

నిజంగానే చాలలేదు. రేపటికి గోవిందా అన్న నత్త వారాల తరబడి గాజు మీద తాపీగా తిరిగింది. సోడా కావాలని వచ్చినవాళ్ళు తాగడం మర్చిపోయి సీసా ముందు నిలబడేవాళ్ళు. నత్త పెంట మట్టిలోకి, మట్టి బలం నాచులోకి, నాచు మళ్ళీ దాని నోట్లోకి. గోలీ లేని సోడాసీసాలో ఓ ఊరు కాపురం చేస్తోందని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. పందెం ఓడిపోతున్నానన్న భయం ఓ పక్క, రేపేం జరుగుతుందోనన్న కుతూహలం ఓ పక్క.

రోహిణి కార్తె వచ్చింది. ఆ ఎండల్లో మా రేవులో ప్రతి కొట్టువాడూ చేసేది ఒకటే. గోనెసంచి తడిపి సరుకు మీద కప్పడం. సోడాలకి కప్పాను, మంచినీళ్ళ కుండకి కప్పాను. పాపం, లోపల ఉడికిపోతుందేమోనని నత్త సీసాకీ చుట్టబెట్టి కొట్టు లోపలి మూలన పెట్టాను. ఎంత మంచిపని చేశానో అనుకున్నాను. కొన్నాళ్ళకి గోనె విప్పి చూశాను. నాచు పాలిపోయి వాలిపోయింది. నత్త నీళ్ళు వదిలేసి మూత అంచుకి ఎక్కి, అతుక్కుని ఉంది. సీసా తట్టినా కదల్లేదు.

"గెలిచేశావురా సత్తిబాబూ," అన్నాడు సూర్రావు. "ఒక్కరోజు ఊరుకో, అదే పోతుంది. ఆవిడ గోలా వదిలిపోతుంది."

వాడన్నది నిజం. నేనేమీ చెయ్యక్కర్లేదు. ఊరుకుంటే చాలు, ఆ గదీ ఆ నవ్వూ మళ్ళీ నా జోలికి రావు. మూత తీసి కాపాడదామంటే పందెం చెడుతుంది, తీయకుండా ఊరుకుంటే ప్రాణం పోతుంది. సీసా ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాను. బేరాలు వచ్చి వెళ్ళిపోతున్నాయి. వారాలు ఆగనిది ఇప్పుడే ఎందుకాగింది? ఎండ తక్కువైతే మంచిదే కదా అనుకున్నాను. పొయ్యి మాత్రం ఎండది, అన్నారు ఆవిడ. ఒక్కసారిగా తట్టింది. చల్లదనం ఇద్దామని గోనె చుట్టి, లోపల పొయ్యి ఆర్పేశాను. వంట ఆగిపోయింది. వంటింట్లోంచి వచ్చే గాలీ ఆగిపోయింది.

సీసాని బయటి చూరు కిందకి, ఎండ నేరుగా తగలకుండా వెలుతురు మాత్రం దండిగా పడేచోటికి జరిపాను. సూర్రావు నా నుదురు పట్టుకుని చూసి, జ్వరమేమో అన్నాడు. చాలాసేపు ఏమీ లేదు. మధ్యాహ్నం దాటాక నాచు కొసన సూదిమొనంత బుడగ ఒకటి పుట్టింది. తర్వాత ఇంకోటి. నేను రోజూ చూసే సోడా బుడగలాగే ఉంది. కాకపోతే నా సీసాలో లేచేది వదిలేసిన ఊపిరి, ఇందులో లేచేది తీసుకోవలసిన ఊపిరి. ఆ ఆకు నా సరుకు తీసుకుని మార్చి ఇస్తోంది. చిన్నప్పుడు నా నోరు తిరగని ఆ పొడుగాటి మాట ఇదే. మాట లేకుండా నా కళ్ళముందు జరుగుతోంది. మర్నాడు పొద్దున నత్త కిందకి దిగి నాచు మీద ఉంది. నేను ఓడిపోయాను. అంత సంబరంగా ఎవడూ ఓడి ఉండడు.

జూన్‌లో టీచరు గారు పంటు దిగి తిన్నగా కొట్టుకి వచ్చారు. గోనె సంగతి దాచకుండా చెప్పాను. పందెం మాట ఆవిడ ఎత్తనేలేదు. ఎటువైపు వెలుతురు, బుడగ మొదట ఎక్కడ పుట్టింది, అప్పుడు మబ్బుందా లేదా అని గుచ్చిగుచ్చి అడిగారు. అన్నీ విన్నాక సోడా పక్కన పెట్టి అన్నారు, "నేనైతే కంగారులో మూత తీసేసేదాన్ని సత్తిబాబూ."

ఆ ఒక్కమాట పట్టుకుని టెన్త్ కట్టాను. పరీక్ష గదిలో చుట్టూ నా వయసులో సగం ఉన్న పిల్లలు. కొందరు నన్ను చూసి నవ్వారు కూడా. ఆ పొడుగాటి మాట గురించి ప్రశ్న వచ్చింది. రేవులో కూర్చున్నట్టే కూర్చుని, సీసా చూస్తున్నట్టే రాశాను. లెక్కల్లో పోయింది, మళ్ళీ కట్టాల్సొచ్చింది. సైన్సులో మాత్రం పోలేదు.

టీచరు గారు రిటైరై, కొన్నేళ్ళకి అవతలి ఒడ్డునే కన్నుమూశారు. ఆ రోజు పంటు మీద వెళ్తూ జోకు ఒక్కటీ తట్టలేదు. కొట్టు చూరు కింద ఇప్పటికీ ఓ సీసా ఉంటుంది. నత్త అదే కాదు, దాని మునిమనవడో ఎవరో. రోహిణిలో సోడాలకి గోనె కప్పుతాను, దానికి కప్పను.

ఇందాక వెల్ల వేసే మనిషి బకెట్ కలుపుతూ, నిప్పు లేకుండా ఇదెలా ఉడుకుతుందండీ అని నన్నే అడిగాడు. జవాబు నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి, ఆ వేడి అందులోకి ఎవరు పెట్టి ఉంటారంటావ్ అన్నాను. కుంచె చేతిలో అలాగే పట్టుకుని అతను బకెట్‌లోకి చూస్తూ నిలబడిపోయాడు.