నేనిచ్చిన గడియారం

రిటైర్మెంటుకు ఇంకా ఆరేళ్లు ఉందనగా, ఒక డిసెంబరు మొదటి వారంలో, బాన్సువాడలో అసిస్టెంట్ ఇంజినీరుగా చేరాను. వర్ని వైపు పోయే ఒక పంట కాలువ, దాని తూములు, ముగ్గురు లష్కర్లు నా సెక్షన్. లష్కరంటే సిపాయి కాదు, కాలువ గట్టు మీద తిరుగుతూ తూములు తెరిచి మూసే ఉద్యోగి. కాలువ చివరి అయిదు కిలోమీటర్లకు లష్కరు గంగారాం.

అప్పటికి నా దగ్గర నలభై ఒక్క చేతి గడియారాలున్నాయి, అన్నీ చావీ ఇచ్చేవే. బిచ్కుంద అంగట్లో కొన్ని కొన్నాను, మద్నూర్ దగ్గర ఆగే లారీ డ్రైవర్లను బతిమాలి కొన్ని సంపాదించాను. ఆదివారం వచ్చిందంటే చాప పరిచి అన్నిటికీ చావీ ఇచ్చి, ఏది ఎంత ముందు, ఎంత వెనక అని నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. "ఇంట్ల ఇన్ని గడియారాలున్నయి, ఒక్కనాడన్న బువ్వ యాళ్లకు వస్తరా" అనేది మా ఆవిడ.

ఆ యాసంగిలో నీళ్లు తక్కువ. అలాంటప్పుడు వారబందీ పెడతాం, అంటే వంతుల పద్ధతి. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు పైతూములు మూసి నీళ్లన్నీ చివరనున్న తండాకు వదలాలి. సాయంత్రం ఆరుకు పైతూములు తెరిస్తే, తెల్లారే దాకా నీళ్లు ఎగువ ఊరివి. తెరిచిన సమయం, మూసిన సమయం లష్కరు రిజిస్టరులో రాయాలి. గంగారాంకు సెల్‌ఫోన్ ఉంది గానీ, తూము దగ్గర నీళ్లలో దిగాలని ఇంట్లో పెట్టి వచ్చేవాడు. అందుకని నా నలభై ఒకటిలో నుంచి ఒక మంచి గడియారం తీసి అతనికిచ్చాను. వారానికి రెండు నిమిషాలు కూడా తేడా చూపని గడియారం అది. "దీని టైమే ఖరారు, ఇంకెవరి మాటా వినకు" అని ఆర్డరు కూడా వేశాను.

ఫిబ్రవరిలో తండా నుంచి శాంతాబాయి అనే రైతు ఆఫీసుకు వచ్చింది. తండాలో చిట్టచివరి మూడెకరాలు ఆమెవి.

"సారూ, పొద్దు ఇంక మోదుగు చెట్టు మీదనే ఉంటది, గప్పటికే మీ లష్కరు పైన తూములు ఇడుస్తుండు. మా దిక్కు కాల్వ ఎండుతుంది. వరి పొట్ట మీదుంది. ఇగ ఎట్ల?"

ఫిబ్రవరిలో పగలు పెరుగుతుంది కాబట్టి ఆరింటికి కూడా ఎండ ఉన్నట్టే కనిపిస్తుందని ఆమెకు పాఠం చెప్పాను. చిన్నప్పటి నుంచి పొలంలోనే ఉన్న మనిషికి.

"పొద్దు పెరుగుడు మాకు తెల్వదా సారూ" అని లేచి వెళ్లిపోయింది.

నీళ్లు తగ్గిన మాట మాత్రం నిజమే. తండా మడుల్లో నెర్రెలు నేనే చూశాను. ఎందుకో అంతుబట్టలేదు. కాలువ మొదట్లో గేజి, అంటే నీటి లోతు చూపే కొలబద్ద, సరిగ్గానే ఉంది. గట్టు పొడవునా నడిచాను, గండి లేదు, దొంగ పైపు లేదు. రిజిస్టరులో రోజూ ఆరు, ఆరు. గడియారం కూడా చూశాను. నాలుగు రోజులు వరుసగా పొద్దున ఆరుంబావుకల్లా గట్టు మీదికి చేరి, నా చేతి గడియారంతో పోల్చాను. ఒక్క నిమిషం తేడా. చావీ గడియారానికి అదొక లెక్క కాదు. అన్నీ సరిగ్గా ఉండి నీళ్లు మాత్రం ఎక్కడికి పోతున్నట్టు?

చివరికి నాకు తోచిన తర్కం ఇది: గడియారం సరైనది, కాబట్టి మనిషి తప్పు. ఎగువ ఊరివాళ్లతో కుమ్మక్కై వేళకు ముందే తూములు తెరుస్తున్నావు, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని గంగారాంకు మెమో ఇచ్చాను. మెమో చేతిలో పట్టుకుని అతను, "ఆరైనంకనే ఇడుస్తున్న సార్" అని ఒక్క మాటన్నాడు.

మూడో రోజు జవాబు తీసుకుందామని, ఎప్పటికంటే ముందుగా, ఆరు కాకముందే అతని గుడిసెకు వెళ్లాను. గంగారాం మొహం కడుక్కుంటున్నాడు. మంచం పక్కన వెల్లకిలా పెట్టిన పాత రేడియో. దాని స్పీకరు జాలీ మీద, మడిచిన చేతిగుడ్డలో, నా గడియారం.

స్పీకరులో అయస్కాంతం ఉంటుంది. చావీ గడియారంలోని వెంట్రుక లాంటి స్ప్రింగుకు అయస్కాంతం సోకితే చుట్లు ఒకదానికొకటి అంటుకుని గడియారం పరుగెడుతుంది. నా గడియారాల దగ్గరికి ఇంట్లో ఎవరినీ రేడియో తేనిచ్చేవాణ్ణి కాదు. ఆ ముక్క గంగారాంకు చెప్పాలని మాత్రం తోచలేదు.

ఇంతలో రేడియోలో సమయం చెప్పారు. అతను గడియారం ముల్లు వెనక్కి తిప్పి ఆరుకు పెట్టాడు. రోజూ అలాగే పెడతాడట. నేను పొద్దున్నే వచ్చి చూస్తే సరిగ్గా ఉండక ఏం చేస్తుంది? ఆ రోజంతా గట్టు మీదే కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఇరవై అయిదు నిమిషాలు ముందుంది. అది ఆరు చూపించేసరికి అసలు టైము అయిదుంబావు కూడా కాలేదు. పొద్దు మోదుగు చెట్టు మీద ఉంది.

"పొద్దు ఇంక ఉంది గదా, నీకు అనుమానం రాలేదా?" అని అడిగాను.

"అచ్చింది సార్. గని మీరిచ్చిన గడియారం తప్పు జూపిస్తదని నేనెట్ల అంటా? పొద్దుగాల రేడియోతోని కలిపితే పొద్దంత సరిగనే నడుస్తదనుకున్న. పదిలంగ ఉండాలని రేడియో మీద పెడుతున్న, కింద పెడితే చీమలు."

నాకు సిగ్గేసింది. మెమో రద్దు చేసి, కారణం నేనిచ్చిన గడియారమేనని నా పై అధికారి డీఈ గారికి రిపోర్టు పంపాను. ఎగువ రైతులను కూర్చోబెట్టి ఒప్పించి, తండాకు నాలుగు రాత్రుల వంతు అదనంగా ఇప్పించాను. బాన్సువాడ బజారులో గడియారాలు బాగుచేసే ఆయన అయిదు నిమిషాల్లో ఆ అయస్కాంతం తీసేశాడు. పొలానికి అలాంటి వైద్యం లేదు. శాంతాబాయి మూడెకరాల్లో రెండు నిలబడ్డాయి, చివరి ఎకరం తాలు పోయింది.

కోతలప్పుడు వెళ్లి జరిగింది ఆమెకు చెప్పాను. ఒక తాలు కంకి చేతిలో నలిపి, ఊదేసి, "గంగారాం కొలువైతే పోలే గదా సారూ" అని అడిగింది. పోలేదని చెప్పాను.

కాకిపిల్ల కాకికి ముద్దు. గేజి, గట్టు, రిజిస్టరు, మనిషి అన్నీ అనుమానించి, నాదైన వస్తువును మాత్రం నాకు అనువైన వేళలోనే తనిఖీ చేశాను. ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఏ ఫిర్యాదు వచ్చినా నేనిచ్చిన దానితోనే తనిఖీ మొదలుపెట్టాను, అదీ ఫిర్యాదు చేసినవాళ్లు చెప్పిన వేళకే వెళ్లి.