చిన్నాయన తొలిచిన కుర్చీ

నా చిన్నప్పుడు రుద్రవరంలో మా జేజి, అంటే మా నాయన తల్లి, జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది కానీ కింద కూర్చోవడం, లేవడం ఆమెకు చేతనయ్యేది కాదు. అప్పట్లో మా ఇంట్లో మరుగుదొడ్డి లేదు. అమ్మ, పిన్నమ్మ చెరో రెక్క పట్టుకుని పెరటి మూలకు తీసుకుపోయి కూర్చోబెడితే, జేజి సిగ్గుతో కళ్ళు గట్టిగా మూసుకునేది. కొన్నాళ్ళకు ఆమె నీళ్ళు తాగడమే మానేసింది. పెదవులు ఎండి పగిలినా, గ్లాసు అందిస్తే దప్పిక లేదనేది.

అది కనిపెట్టింది మా చిన్నాయన. ఆయన చాగలమర్రి దారిలో బస్సు నడిపేవాడు. వడ్రంగం రాదు. అయినా ఒకరోజు సెలవు పెట్టి, ఇంట్లోని తుమ్మచెక్క కుర్చీని వాకిట్లో తిరగేశాడు. కూర్చునే పలక మధ్యలో పెద్ద రంధ్రం తీసి కింద బొక్కెన పెడితే, జేజికి ఎవరి సాయమూ అక్కర్లేదని ఆయన ఆలోచన.

వడ్రంగి దగ్గర చెక్కకు రంధ్రాలు వేసే, చేత్తో తిప్పే లావుపాటి బరమా అడిగి తెచ్చాడు. పలక అడుగువైపు గుండ్రంగా గీత గీసి, గీత లోపల పక్కపక్కనే రంధ్రాలు వేసి, మధ్యముక్కను రంపంతో కోసి తీయాలి. మొదటి రంధ్రంలోనే బరమా బిగుసుకుంది. చిన్నాయన ఒళ్ళంతా బరువు పెట్టి తిప్పాడు. ఫట్‌మని చప్పుడైంది. బరమా ముక్కు అవతలికి దూసుకుపోతూ, కూర్చునే వైపు పెద్ద పెచ్చు లేపేసింది.

"ఏందప్పా, ఉన్న కుర్చీ కూడా పగలగొడతాండావా?" అంది జేజి మంచం మీంచి. "నాకెందుకివన్నీ? ఇడిసిపెట్టు."

ఆయన బరమాను విసిరికొడతాడనుకున్నాను. వెనక్కి తిప్పి బయటికి తీసి, నన్ను పిలిచాడు.

"పాపా, దీని ముక్కు ముట్టుకో."

ముట్టుకుని చేయి లాక్కున్నాను. చుర్రుమంది.

"ఎందుకు కాల్తాంది?"

తెలీదన్నాను.

"నాకూ తెలీదు. అందుకే సూస్తాండా. బస్సు ఆగిపోతే తన్నుతామా? దిగి సూస్తాం."

ఇద్దరం చూశాం. బరమా ముక్కు మెలికల సందుల్లో చెక్కపొట్టు గట్టిగా కూరుకుపోయి ఉంది. అంచు మొద్దుబారింది. పెచ్చు లేచింది మాత్రం గీత లోపలే, ఎలాగూ కోసి పారేసే ముక్కలో. ఆయన మొహం తేటపడింది. ఆకురాయితో అంచుకు పదును పెట్టాడు. ముందు సన్నని బరమాతో దారి చేశాడు. తర్వాత లావుది తిప్పుతూ, మధ్యమధ్య బయటికి తీసి నా చేత పొట్టు ఊదించాడు. ముక్కు కొన అవతల కనబడగానే ఆపి, కుర్చీని తిప్పి ఆ వైపు నుంచి తొలిచాడు. ఈసారి పెచ్చు లేవలేదు. రంధ్రం నున్నగా, గాజులా గుండ్రంగా వచ్చింది.

పొద్దుగూకేలోపు మధ్యముక్క ఊడి కింద పడింది. అంచంతా ఆకురాయితో రుద్ది, ముల్లు గుచ్చుకోకుండా తన ముంజేతిని చుట్టూ ఆనించి చూసుకున్నాడు.

మరునాడు పొద్దున జేజి గోడ పట్టుకుని, కుర్చీ, దాని కింద బొక్కెన పెట్టిన వెనకగదిలోకి పోయి తలుపు వేసుకుంది. చాలాసేపటికి తనంతట తానే బయటికి వచ్చింది. మంచం మీద కుదురుగా కూర్చుని, "మ్మే, కుండలో నీళ్ళుంటే చెంబు నిండా ముంచుకురా" అంది మా అమ్మతో. గటగటా తాగింది. డ్యూటీకి బయల్దేరుతున్న చిన్నాయన వాకిట్లో అటు తిరిగి నిలబడి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉండిపోయాడు.

తర్వాత నేను నంద్యాలలో చాలా ఏళ్ళు నర్సుగా పనిచేశాను. మొండికేసిన పనులనూ చూశాను, మనుషులనూ చూశాను. ఇంకాస్త గట్టిగా నొక్కుదామని అనిపించినప్పుడే నా చేయి ఆగుతుంది. ఎక్కడ పట్టిందో చూస్తాను. చాలాసార్లు కారణం కనబడుతుంది. కనబడకపోతే అవతలి వైపు నుంచి మొదలుపెడతాను.