యజమానుల వకీలు

మొన్న తోటపల్లి గూడూరు దారిలో ఒక రొయ్యల ఫ్యాక్టరీకి పని మీద వెళ్లాను. గేటు దగ్గర కారు దిగగానే బ్లీచింగ్ నీళ్ల ఘాటు, పచ్చి రొయ్యల వాసన కలిసి ముక్కుకు తగిలాయి. ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు మా సీనియర్ వసుంధర గారు గుర్తొస్తారు. వాకాడు వైపు పల్లెలో పుట్టి, సముద్రపొడ్డు ఇసుకలో పరుగు నేర్చుకుని, ఎనిమిది వందల మీటర్ల పందెంలో రాష్ట్రం తరఫున పరుగెత్తిన మనిషి. మోకాలు దెబ్బతిన్నాక లా చదివి నెల్లూరులో ఆఫీసు పెట్టారు. ఉద్యోగాల తగాదాలే ఆమె కేసులు. అదీ కార్మికుల తరఫున కాదు, యజమానుల తరఫున.

నేను బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగినదాన్ని. మా నాన్న యూనియన్ మనిషి. ఆమె దగ్గర జూనియర్‌గా చేరతానంటే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ ఉక్రోషంతోనే మొదటి రోజే అడిగేశాను, “మేడమ్, మీరు ఎప్పుడూ ఓనర్ల పక్కనే ఎందుకుంటారు?” అని. ఆమె నవ్వి, “వచ్చినావు గదా, చూడు” అన్నారు. చూశాను. తాగి లారీ బోల్తా కొట్టించిన డ్రైవరు కంపెనీ మీద కేసు వేస్తే, నాలుగే ప్రశ్నలతో అతని చేత నిజం చెప్పించారు. గొంతు ఒక్కసారీ పెంచలేదు.

ఆ తర్వాత ఒక రొయ్యల ఫ్యాక్టరీ ఓనరు ఫైలు తెచ్చాడు. పద్మ అనే ఆవిడ అక్కడ రొయ్యలు ఒలిచేది. క్యారియర్‌లో రొయ్యలు దొరికాయని ఆమెను పనిలోంచి తీసేస్తే, కోర్టుకు వెళ్లింది. ఫ్యాక్టరీ వాళ్ల విచారణలో తప్పు ఒప్పుకుందని కాగితం కూడా ఉంది. కూర్చుంటే మోకాలు పట్టేస్తుందని వసుంధర గారు ఫైళ్లు నిలబడే చదివేవారు. చదువుతూ చదువుతూ ఒక పేజీ దగ్గర ఆగారు.

“పనిలో చేరిన కాగితం మీద ఈమెది వేలిముద్ర. ఒప్పుకున్న కాగితం మీద సంతకం ఉండాది. ఎవరు పెట్టినారు?”

ఓనరు విసుక్కున్నాడు. “ఎవరు పెడితే ఏంది మేడమ్, మీరు గెలిపించండి.”

“ఈ కాగితం నేను కోర్టులో పెట్టను. ముందు ఆమెను పిలిచి అడగండి.”

“అయితే వేరే వకీలును చూసుకుంటా.”

“చూసుకోండి” అని ఆమె ఫైలు కట్టి ఆయన చేతికిచ్చారు. మా ఆఫీసుకు వచ్చే పెద్ద కక్షిదారుల్లో ఆయనొకడు. ఆ మధ్యాహ్నం నేను అన్నం ముట్టలేదు.

వారం తర్వాత ఆయనే ఫోన్ చేసి, పద్మను పిలిచి అడుగుతానని మమ్మల్ని ఫ్యాక్టరీకి రమ్మన్నాడు. పద్మ అందరి ముందూ నిలబడి, “విరిగిన రొయ్యలు తీసుకుపొమ్మని సూపర్‌వైజరే అందరికీ ఇచ్చినాడు. నన్ను ఎవురూ ఒక్క మాట అడగలా” అంది. తోటి ఆడవాళ్లు ముగ్గురు అవునన్నారు. దొంగ సంతకం పెట్టింది కూడా ఆ సూపర్‌వైజరేనని అక్కడే తేలింది. ఓనరు తల దించుకుని, “రేపటి నుంచి పనికి రామ్మా” అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అడిగాను, “ఆయన పోతే పోయాడని ఎలా అనుకున్నారు మేడమ్?”

ఆమె మోకాలు రాసుకుంటూ చెప్పారు. “ఆటల కోటాలో నాకు ఉద్యోగమిచ్చినారు. మోకాలు దెబ్బతిన్నాక ఒక కాగితమిచ్చి ఇంటికి పంపినారు. డాక్టరు ఏమన్నాడని గూడా అడగలా. వాళ్లకూ ఒక వకీలున్నాడు గదా. ఆ పిల్లను పిలిచి అడగండయ్యా అని ఆయన ఒక్క మాట అనుంటే చాలు. ఆ మాట అనే మనిషి ఓనరు పక్కనే ఉండాల. అందుకే ఈ పక్క కూర్చున్నా.”

ఆ సాయంత్రం మా నాన్నకు ఇదంతా చెప్పాను. ఆయన “ఆమె దగ్గరే ఉండు” అన్నాడు.

ఇప్పుడు ఆమె ప్రాక్టీసు మానేశారు, ఆఫీసు నేను నడుపుతున్నాను. ఎవరినైనా పనిలోంచి తీసేయాలని వచ్చే యజమానిని ముందు అడిగేది ఆ మనిషి ఏమన్నాడనే. నిరుడు ఇద్దరు కోపంతో ఫైళ్లు పట్టుకుని వెళ్లిపోయారు. ఒకాయన తిరిగి వచ్చాడు. రెండో ఆయన రాలేదు. ఆయన వెళ్లిన మధ్యాహ్నం నేను నిమ్మళంగా అన్నం తిని, తర్వాతి ఫైలు తెరిచాను.