కలవని బ్రేకు లివరు

మా మేనత్త సైకిల్ షాపులో మూడు గోడలకు పనిముట్లు వేలాడేవి. నాలుగో గోడ నిండా రాతలే. కుడివైపు 'కలిసేవి', ఎడమవైపు 'కలవనివి'. ఏ బ్రేకుకు ఏ లివరు పొసగుతుంది, ఏ చైను ఏ పళ్లచక్రం మీద కూర్చుంటుంది, అన్నీ అక్కడే ఉండేవి. కొత్తవి చేరుతుంటాయని కలిసేవాటిని సుద్దముక్కతో రాసేది. కలవనివాటిని మాత్రం ఎర్ర పెయింటుతో రాసింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి మరి. వాటిలో మార్పు రాదని ఆవిడ నమ్మకం.

పాడైపోయిన పది సైకిళ్లలోంచి నడిచే సైకిల్ ఒకటి తీయడం ఆవిడ పని. వెనక ఎనిమిది పళ్లచక్రాలున్న సైకిల్‌కి తొమ్మిదింటికి వచ్చే సన్న చైను వేసి పంపేది. ఎనిమిదింటి లావు చైను తొమ్మిదింటికి వేయమంటే ఒప్పుకునేది కాదు.

"సన్నవాడు వెడల్పు గుమ్మంలోంచి పోతాడు. లావువాడు ఇరుకు గుమ్మంలో ఇరుక్కుంటాడు. దీనికి చదువు కావాలా?" అని కసిరేది.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆవిడ నోరు అలా ఉన్నా ఊరు ఆ షాపుకే వచ్చేది.

ఎర్ర పెయింటులో అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో ఉన్న జత ఒకటుంది: పాత రకం లివరు, పొడుగు చేతుల బ్రేకు. ఆ లివరు నొక్కితే వైరు కొంచెమే కదులుతుంది. పొడుగు చేతుల బ్రేకుకేమో చాలా వైరు కదలాలి. రెంటినీ కలిపితే లివరు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, రబ్బర్లు మాత్రం రిమ్మును సరిగా ముట్టవు. ఒకసారి పాలు పోసే ఆయన అలా బిగించుకొస్తే, అత్త అడగకుండానే లివరు ఊడదీసి డబ్బాలో పారేసింది.

"ఇది బ్రేకా, పిండిముద్దా? ఇంట్లో పిల్లలున్నారా లేదా నీకు?" అంది.

మా నాన్న ఆవిడకు తమ్ముడు. ఇంటింటికీ సైకిల్ మీద తిరిగి నీళ్ల మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం. ఆయన తిరిగే పేటంతా ఏటవాలు వీధులే. యాభై దాటాక రెండు చేతుల వేళ్ల కీళ్లూ వాచాయి. పొద్దున్నే చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని. అత్త ఆయన సైకిల్‌కి రెండువైపులా పొడుగు చేతుల బ్రేకులు, వాటికి సరిజోడైన లివర్లు బిగించింది. తన చేత్తో నొక్కి చూసుకుంది. ముప్ఫై ఏళ్లు స్పానర్లు పట్టిన చేయి అది. ఆ చేతికి ఏ బ్రేకైనా పడుతుంది.

"ఎలా ఉందిరా?" అని అడిగింది వారం తర్వాత.

"బాగుందక్కా" అన్నారు నాన్న. అడిగినప్పుడల్లా అదే జవాబు.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం నాన్న షాపులో బల్ల మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. అత్త చూపు ఆయన బూటు అడుగున పడింది. వేళ్ల దగ్గర అరిగిపోయి, లోపలి మేజోడు కనబడుతోంది. రెండో బూటు మాత్రం కొత్తదిలాగే ఉంది.

"ఒరేయ్, కాలు ఆనించి ఆపుతున్నావా?"

నాన్న గబుక్కున కాలు దించేసుకున్నారు. "అప్పుడప్పుడు."

"ఎప్పట్నించి?"

"నువ్వు బిగించినప్పట్నించీ."

"మరి బాగుందన్నావేం?"

"నీ బ్రేకులు బాగానే ఉన్నాయక్కా. నా చేతులే బాలేవు. ఆఫీసులో తెలిస్తే నన్నింట్లో కూర్చోబెడతారు."

నాకు ఒళ్లు మండిపోయింది. నాన్న మీద మండిందో, అత్త మీద మండిందో అప్పుడు తెలియలేదు.

"నీ చేత్తో కాదత్తా, ఆయన చేత్తో నొక్కించి చూడాల్సింది" అన్నాను.

ఆవిడకు ఎదురుచెప్పి ఆ షాపులోంచి మర్యాదగా బయటపడ్డవాళ్లు లేరు. తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. ఆవిడ తమ్ముడి వేళ్లు పట్టుకుని, ఒక్కో కణుపూ తడిమి చూసింది.

"నిజమే" అంది.

తర్వాత ఎర్ర పెయింటు గోడ ముందు చాలాసేపు నిలబడింది. వెనక్కి వచ్చి డబ్బా వెతికి పాత లివరు బయటికి తీసింది.

"ఇది వైరు కొంచెమే లాగుతుంది, కానీ బలంగా లాగుతుంది. అందుకే మెత్తగా తగులుతుంది. వీడికి కావాల్సింది మెత్తనిదేగా. రబ్బర్లు రిమ్ముకి కాగితమంత దూరంలో పెడితే ఆ కొంచెం వైరే చాలు."

అంత దగ్గర పెట్టాలంటే రిమ్ము వెంట్రుకవాసి కూడా వంకర ఉండకూడదు. వెనక చక్రానికి బెండు తీయడానికి ఆవిడకు రెండు గంటలు పట్టింది. ముందు చక్రం జోలికి పోలేదు. అక్కడ బ్రేకు మరీ గట్టిగా పడితే బొక్కబోర్లా పడతాడంది.

ఈసారి ఆవిడ లివరు ముట్టుకోలేదు. చక్రం తిప్పి, "నువ్వు నొక్కు" అంది.

నాన్న రెండు వేళ్లతో నొక్కారు. చక్రం ఆగింది. మళ్లీ తిప్పి మళ్లీ నొక్కారు. అలా ఐదారుసార్లు. ఆయన కళ్లు తుడుచుకోవడం చూసి నాకూ ఏడుపు వచ్చింది.

"చాల్లేరా, రబ్బరు అరిగిపోతుంది" అంది అత్త. "ఇదిగో, విను. వారం రోజులు గుంటల్లో తిరిగితే రిమ్ము వంకరపోతుంది. వంకరపోతే ఇది బ్రేకు కాదు. ప్రతి శుక్రవారం రావాలి. ఒక్కవారం మానినా లివరు పీకేస్తా."

నాన్న ఇంకో ఆరేళ్లు ఆ వీధులన్నీ తిరిగి, ఉద్యోగం పూర్తి చేశారు. ఒక్క శుక్రవారం కూడా మానలేదు. ఆ జతను అత్త ఇంకెవరికీ బిగించలేదు. గోడ మీద ఎర్ర అక్షరాలు చెరపనూ లేదు. వాటి కింద సుద్దముక్కతో 'తమ్ముడికి తప్ప' అని రాసింది. వచ్చేపోయేవాళ్ల భుజాలు రాసుకుని అది వారానికోసారి చెరిగిపోయేది. శుక్రవారం చక్రం చూశాక మళ్లీ రాసేది.

"దాన్నీ పెయింటుతో రాసేయొచ్చుగా అత్తా?" అన్నాను ఒకసారి.

"పెయింటుతో రాస్తే ఇక చూడక్కర్లేదనుకుంటాను. ఒకసారి అలాగే అనుకున్నా" అంది. చేతికంటిన నూనె తుడుచుకుని సుద్దముక్క అందుకుంది.