ఏడు వారాలకే పడుకున్న కొత్త బ్యాటరీ

2024 చలికాలం. కేసముద్రంలో మార్కెట్ యార్డుకు పోయే దారిలో నేను బ్యాటరీల షాపు పెట్టి అప్పటికి మూడేళ్లు. యార్డుకు పత్తి, మక్కలు మోసుకొచ్చే ట్రాక్టర్లు, లారీలే నాకు ఎక్కువ గిరాకీ. వాటి డ్రైవర్లు బ్యాటరీ పూర్తిగా చచ్చేదాకా నా మొహం చూడరు. అందుకే నా వృత్తి సగం వైద్యం, సగం పంచనామా.

నిజానికి బ్యాటరీ ఒక్కరోజులో చావదు, ముందే చెబుతుంది. తాళం తిప్పగానే ఇంజిన్ అందుకోకుండా, బలవంతంగా నిద్రలేపిన మనిషిలా మూలుగుతుంది. దీన్ని స్లో క్రాంకింగ్ అంటాం. ఇంజిన్ వేగం పెంచితే హెడ్‌లైట్లు వెలుగుతాయి, తగ్గిస్తే మసకబారతాయి. వైర్లు బిగించే టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. చలికి ఈ లక్షణాలన్నీ ముదురుతాయి. మనవాళ్లు మాత్రం ఇంకో పది రోజులు చూద్దామంటారు.

స్వరూపక్క కారు మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు ఇవన్నీ ఉన్నాయి. ఆమె బయ్యారం వైపు ఒక సబ్‌సెంటర్‌లో నర్సు. భర్త భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేస్తాడు, వారానికోసారి ఇంటికి వస్తాడు. ఇంట్లో ఉండేది ఆమె, మామ రాములు, ఒక పాత చిన్న కారు. టీకాల డబ్బా పట్టుకుని రెండు ఆటోలు మారలేక ఆమే పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకుంది.

ఆ పాత బ్యాటరీకి నాలుగేళ్లు దాటాయి. లోడ్ టెస్టర్ పెట్టాను. స్టార్ట్ చేసేటప్పుడు పడేంత భారాన్ని కొన్ని క్షణాలు బ్యాటరీ మీద మోపి, అది నిలబడుతుందో కూలబడుతుందో చూపే పరికరం అది. ముల్లు కూలబడింది. కొత్త బ్యాటరీ బిగించి పంపించాను. మంచి పని చేశానని సాయంత్రం ఒక టీ అదనంగా తాగాను.

ఏడు వారాలకు అదే కారు మళ్లీ వచ్చింది. పొద్దున ఎనిమిదిన్నరకు తాళం తిప్పితే అందుకోలేదట, ఊళ్లో నలుగురు నెడితే స్టార్టయిందట. నా షాపు ముందు ఆపితే మళ్లీ కదల్లేదు. ఈసారి పక్క సీట్లో రాములు బాపు కూడా ఉన్నాడు. దిగుతూనే తీర్పు చెప్పేశాడు.

"ఏం లేదు పిలగా, లైట్లు బందు చెయ్యదు. ఆడోళ్ల చేతికి బండిస్తే గిట్లనే ఉంటది."

"బందు చేస్తనే ఉన్న మామా. దిగినంక రెండుసార్లు చూసుకుంట."

"మరి బ్యాటరీ ఎట్ల పోతంది? దయ్యం తాగుతందా?"

స్వరూపక్క నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "తమ్మీ, మూడోసారిది. ఇయ్యాల టీకాలు సుత బందైనయ్. బండి కొంటనని చూడనీకి ఆదివారం ఒక మనిషొస్తుండు. మామ మాట కూడ ఇచ్చిండు. దీని రోగమేందో తెల్వకపోతే నేను మల్ల ఆటోల పాలే."

టీ తాగుతున్న యార్డు హమాలీలు ఇద్దరు లేచొచ్చి బోనెట్ చుట్టూ నిలబడ్డారు. బోనెట్ తెరిచిన చోట మనవాళ్లు ఆగకుండా పోలేరు.

"బ్యాటరీయే నకిలీదేమో అన్నా," అన్నాడు అందులో ఒకడు, నా షాపు బోర్డు కిందే నిలబడి.

"నీ అభిమానం చల్లగుండ, జర పక్కకు జరుగు," అన్నాను.

కొలతలు మొదలుపెట్టాను. నిండుగా ఉన్న బ్యాటరీ బండి ఆపి ఉన్నప్పుడు పన్నెండున్నర వోల్టులకు పైన చూపాలి. ఇది పన్నెండు కూడా లేదు. తర్వాత ఆల్టర్నేటర్, అంటే ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ బ్యాటరీని నింపే యంత్రం. నా బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేస్తే మీటర్ పద్నాలుగు దాటింది. అది బాగానే నింపుతోంది. మిగిలింది లీకేజీ. అన్నీ ఆపేశాక కూడా బండిలో ఏదో ఒకటి రహస్యంగా కరెంటు తాగుతుండొచ్చు. ఒక టెర్మినల్ ఊడదీసి, మధ్యలో మీటర్ పెట్టి చూడాలి. పెట్టాను. దాదాపు సున్నా.

అంటే నింపేది నింపుతోంది, తాగేది ఎవరూ లేరు, అయినా తెల్లారేసరికి ఖాళీ. నాకు దయ్యం మీద కొంచెం నమ్మకం కలిగింది.

టెర్మినల్ తిరిగి పెట్టి, తాళం తిప్పి డ్యాష్‌బోర్డ్ చూశాను. గడియారం పన్నెండు చూపిస్తోంది. అందులో వింతేమీ లేదు. కరెంటు పూర్తిగా తెగి మళ్లీ వస్తే ఆ కారు గడియారం పన్నెండు నుంచి లెక్క మొదలుపెడుతుంది. కానీ కారు వచ్చినప్పుడు అది చూపిన టైం నాకు గుర్తుకొచ్చింది. అప్పుడు నా ఫోన్లో పదీ నలభై. కారులో ఐదూ ఐదు.

"అక్కా, ఈ గడియారం ఎప్పటిసంది తప్పు చూపిస్తంది?"

"దసరా పోయినకాన్నుంచి. రోజు సరిచేస్త తమ్మీ, తెల్లారి చూస్తే మల్ల తప్పే. ఇగ యాష్టకొచ్చి ఇడిసిపెట్టిన. గదొక్కటి మంచిగుంటే ఏంది, లేకుంటే ఏంది?"

తప్పు చూపించే గడియారం ఒక లెక్క ప్రకారం తప్పు చూపిస్తే, అది గడియారం తప్పు కాదు. పదీ నలభైలోంచి ఐదూ ఐదు తీసేశాను. ఐదూ ముప్పై ఐదు. ఆ పొద్దున ఐదూ ముప్పై ఐదుకు ఈ బ్యాటరీని ఎవరో ఊడదీసి తిరిగి బిగించారు. బలహీనమైన బ్యాటరీతో తాళం తిప్పితే కూడా గడియారం ఒక్కోసారి మొదటికొస్తుంది, కానీ ఆమె తాళం తిప్పింది ఎనిమిదిన్నరకు. లెక్క అక్కడికి రావట్లేదు.

వంగి టెర్మినళ్లు మళ్లీ చూశాను. నేను ఇందాక ఊడదీయని రెండో టెర్మినల్‌కు, ఏడు వారాల కింద స్పానర్ పెట్టి బిగించిన నట్టు వేళ్లతో తిప్పితేనే వదులైంది. సీసం మీద రెండు పక్కలా పళ్లతో కొరికినట్టు మెరిసే గాట్లు. అవి చిన్న క్రొకొడైల్ క్లిప్పుల గుర్తులు, నా జంపర్ కేబుల్ పళ్లు వీటికి మూడింతలుంటాయి. కారులో అలాంటి క్లిప్పు ఒక్కటి కూడా ఉండదు. ఇవన్నీ పైకి చెబితే వినడానికి జనం ఉన్నారు. నాకు ఇంతకంటే ఏం కావాలి?

"అక్కా, మీ ఇంట్ల పొద్దుగాల ఐదున్నరకు ఎవరు లేస్తరు?"

"నేను ఆరున్నరకు లేస్త. మామయితే గప్పటికే చేనుకు పొయ్యి సుత వస్తడు."

అందరం కలిసి రాములు బాపు వైపు చూశాం. ఆయన రోడ్డు వైపు చూశాడు.

"గా లారీ ఎటు పోతందిరా?" అన్నాడు.

"లారీ సంగతి తర్వాత బాపూ. చేన్ల ఏమేసినవ్?"

"మక్క."

"పందులు వస్తయా?"

అంతే. ఆయన మొహంలో బాధ పొంగుకొచ్చింది. "ఎందుకు రావు? నాలుగు సాళ్లు ఒక్కనాడే పడగొట్టినయ్. చుట్టూ తీగె గుంజి జట్కా మెషీన్ పెట్టిన. దాని బ్యాటరీ దసరాకు సచ్చింది."

జట్కా మెషీన్ అంటే చేను కంచెకు సన్నని షాకు పంపే చిన్న పెట్టె. అడవి పంది చావదు, చురుక్కుమని వెనక్కి తిరుగుతుంది. అది రాత్రంతా బ్యాటరీ మీద నడుస్తుంది.

"గప్పుడు?" అన్నాను.

"గప్పుడేంది? ఇంటికాడ కొత్త బ్యాటరీ రాత్రంత కార్ల ఉత్తగనే పండుకుంటది గదా! మాపటికి మోపెడ్ మీద చేనుకు తీస్కపోతున్న, పొద్దుగాల తెచ్చి మల్ల పెడుతున్న. ఒక్కనాడన్న పెట్టుడు మరిసిన్నా? దొంగతనం చేసిన్నా?"

హమాలీలు నవ్వు ఆపుకోలేక పక్కన ఆగి ఉన్న ట్రాక్టర్ చాటుకు పోయారు. స్వరూపక్క నవ్వలేదు. "లైట్లు నేను బందు చేస్తలేనన్నవ్ గదా మామా?"

"నేను నిజంగనే గట్లనుకున్న బిడ్డా. నువ్వు బయ్యారం దాక నడిపిస్తే అది మల్ల నిండుతదనుకున్న."

ఆయన అబద్ధం చెప్పట్లేదు. అందుకే ఓపిగ్గా చెప్పాను. "కారు బ్యాటరీ పహిల్వాన్ బాపూ. మూడు క్షణాలు బలం చూపిచ్చి కూసుంటది. తెల్లందాక మూట మోయమంటే నడుము ఇరుగుతది." రాత్రంతా పిండేయడాన్ని డీప్ డిశ్చార్జ్ అంటాం. అలా రోజూ చేస్తే లోపలి ప్లేట్ల మీద గట్టి పొర కడుతుంది. తర్వాత ఎంత నింపినా సగమే పడుతుంది. కంచెకు కావలసింది మెల్లగా, చాలాసేపు ఇచ్చే సోలార్ రకం బ్యాటరీ.

"మూట మోసుడు మాకే అయితది," అన్నాడు హమాలీ, ట్రాక్టర్ చాటునుంచే, గర్వంగా.

బ్యాటరీని రోజంతా ఛార్జింగ్‌లో పెట్టి మర్నాడు లోడ్ టెస్టర్ పెట్టాను. ముల్లు మళ్లీ కూలబడింది. రాములు బాపు చూస్తూ నిలబడ్డాడు. కంపెనీ వారంటీ మీద మార్చి ఇవ్వమని అడుగుతాడేమోనని నేను లోపల సిద్ధమవుతున్నాను.

"కంపెనోని తప్పేమున్నది? పాడు చేసింది నేను, కొనేది నేనే," అన్నాడు. కారుకొకటి, చేనుకొకటి తీసుకున్నాడు. ఆ మాట విన్నప్పుడు నా తెలివి మీద ఉన్న గర్వం కాస్త తగ్గి, ఆయన మీదికి మళ్లింది.

స్వరూపక్క స్టార్ట్ చేసింది. మొదటి తిప్పుకే అందుకుంది. అద్దం దించి, "మామా, ఆదివారం వచ్చేటాయనకు బండి గాదు, మక్కచేను చూపియ్యి," అంది. ఆయన పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

గడియారం చూసి దొంగను పట్టిన మెకానిక్‌నని ఆ వారమంతా యార్డులో చెప్పుకుని తిరిగాను. ఇప్పటికీ చెబుతాను. అయితే యార్డులో చెప్పని ముక్క ఒకటుంది. ఆ రోజు కారు ఆగగానే, రాములు బాపు నోరు తెరవకముందే, "లైట్లు గిన మరిసినవా అక్కా?" అని అడిగింది నేనే. మూడేళ్లలో ఒక్క లారీ డ్రైవర్‌ను కూడా నేను ఆ మాట అడగలేదు. వాళ్లను బ్యాటరీ ఎన్నేళ్లదని అడిగేవాణ్ని.

ఆ కేసు నాకు నేర్పింది అదే. ఇప్పుడు బండి ఎవరిదైనా ముందు మీటర్ పెడతాను. తర్వాతే నోరు తెరుస్తాను. తెరిచాక అందరినీ ఒకటే అడుగుతాను, ఈ బోనెట్ మీరు కాక ఇంకెవరు తెరుస్తారని. మీటర్ ముల్లు నిలబడేదాకా నోరు మూసుకుని ఉండటం నాకు ఎంత కష్టమో కేసముద్రంలో ఎవరినడిగినా చెబుతారు.