ఛాతీ మీద గేర్‌బాక్సు

చోడవరంలో కొండబాబులకి కొదవ లేదు. పాల కొండబాబు ఉన్నాడు, కరెంటు కొండబాబు ఉన్నాడు, పనీపాటా లేకుండా టీ కొట్టు బల్ల అరగదీసే కొండబాబు ఒకడున్నాడు. మన మనిషి కావాలంటే మాత్రం ‘గేర్‌బాక్సు కొండబాబు’ అని అడగాలి. అప్పుడు ఎవరైనా మాడుగుల రోడ్డు మీద రేకుల షెడ్డు వైపు చెయ్యి చూపిస్తారు. షెడ్డుకి బోర్డు లేదు. ముప్ఫై ఏళ్ళ నుంచి ‘వచ్చే నెల రాయిస్తాను’ అంటూనే ఉన్నాడు, ఆ వచ్చే నెల ఇంకా రాలేదు.

గోవాడ ఫ్యాక్టరీకి చెరుకు తోలే లారీల కింద దూరి పని నేర్చుకున్నాడు. ఇప్పుడు యాభై ఏడేళ్ళు. పొట్టి మనిషి, ఒంటికి మించిన ఛాతీ. ఇంజను పని తెస్తే మొహం చిట్లిస్తాడు గానీ క్లచ్చీ గేర్‌బాక్సూ అంటే అన్నం మధ్యలో లేచి వస్తాడు. ఇంజను చివర తిరిగే బరువైన ఇనప చక్రం ఫ్లైవీల్. దాన్ని అంటుకుని తిరిగే బిళ్ళ క్లచ్ ప్లేటు. ఆ ప్లేటు మధ్యలో పళ్ళున్న కన్నం ఉంటుంది. గేర్‌బాక్సు ముందుకి పొడుచుకొచ్చిన షాఫ్టు ఆ కన్నంలోకి తిన్నగా దూరాలి. పని మొత్తానికీ కష్టం అక్కడే.

అందరూ తంటాలు పడే ఆ పనికి కొండబాబు పద్ధతి వేరు. బండి కింద గోనె పరుచుకుని వెల్లకిలా పడుకునేవాడు. నలభై కిలోల గేర్‌బాక్సుని ఛాతీ మీదికి దొర్లించుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి ఒక్క ఎత్తు ఎత్తేవాడు. షాఫ్టు తన దారి తాను వెతుక్కుని లోపలికి జారేది. చుట్టూ చేరినవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టేవారు. అది చూడ్డం కొండబాబుకీ ఇష్టమే. ఆ మాటకొస్తే కాస్త ఎక్కువే ఇష్టం.

అతని దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకి వీపు మీద దెబ్బ పడేది ఒకే ఒక్క తప్పుకి. గేర్‌బాక్సు పూర్తిగా కూర్చోకముందే బోల్టులు దూర్చి, వాటిని బిగిస్తూ ఇంజనుకీ దానికీ మధ్య సందు మూసెయ్యడం. “బోల్టు ఉన్నది పట్టుకోడానికిరా, లాగడానికి కాదు. అలగ లాగితే ప్లేటు వంగిపోద్ది, బేరింగు నలిగిపోద్ది. బండి ఇయ్యాళ బాగానే నడుస్తాది. రెండు నెల్లకి గేర్‌బాక్సు ఏడుస్తాది,” అనేవాడు.

ఎనిమిది నెలల క్రితం కొండబాబు గుండెలో విశాఖపట్నం ఆసుపత్రివాళ్ళు స్టెంటు వేశారు. ఇక మీదట పది కిలోలకి మించి ఎత్తకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈ సంగతి భార్య రాజులమ్మకి తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియకూడదని కొండబాబు ఒట్టు వేయించుకున్నాడు. కామెర్లని ప్రచారం చేశాడు. చేసినందుకు ఫలితం అనుభవించాడు కూడా. వీధిలో వాళ్ళంతా పోటీపడి నేల ఉసిరి రసం నూరి తెచ్చారు, లేని కామెర్లకి వారం రోజులు ఆ చేదు మింగాడు.

నవ్వొచ్చే సంగతే గానీ అతని భయం నవ్వులాట కాదు. ఎత్తలేనని ఒకసారి బయటపడితే తన పేరులో గేర్‌బాక్సు పోయి ఉత్త కొండబాబు మిగులుతాడు. ఆ తర్వాత షెడ్డు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అందుకే ఎనిమిది నెలలుగా బ్రేకులు, క్లచ్ వైర్లు చూస్తూ కాలం నెట్టాడు. గేర్‌బాక్సు పని ఎవరు తెచ్చినా స్పేరు దొరకడం లేదన్నాడు. దొరకనిది స్పేరు కాదు, ధైర్యం.

ఒక శనివారం పొద్దున్న రోజా బండి తెచ్చింది. ముప్ఫై రెండేళ్ళ మనిషి, ఏడుగురు కూర్చునే పాత డీజిల్ బండి ఆమెది. రోజూ ఉదయం ఆరుగురు టీచర్లని చోడవరంలో ఎక్కించుకుని, మాడుగుల దాటి, కొండల్లోని స్కూళ్ళకి చేర్చి, సాయంత్రం దింపుతుంది. రోజా ఇల్లు గడిచేది ఆ బండి మీదే.

ఇంజను ఆపగానే కింద లొడలొడమని శబ్దం వచ్చింది. కొండబాబు చెవి ఒగ్గి రెండుసార్లు ఆపించి విన్నాడు.

“ఫ్లైవీల్ పోయిందమ్మా. నీ బండిది రెండు చక్రాలు కలిపిన ఫ్లైవీల్. మధ్యలో స్ప్రింగులుంటాయి. కొండ ఘాటీ ఎక్కీ దిగీ అవి చచ్చిపోయేయి.”

“తెలుసు మాఁవయ్యా, వీడియోలో సూసేను. దాన్ని తీసేసి ఒకే ముక్క చక్రం ఎయ్యి. రేసు బళ్ళ క్లచ్చి కూడా ఏసెయ్యి. మళ్ళీ జన్మలో ముట్టుకోకూడదు.”

కొండబాబు నవ్వాడు. “ఒకే ముక్కది ఎయ్యొచ్చు. కానీ ఇంజను వణుకుని ఇన్నాళ్ళూ ఆ స్ప్రింగులే మింగేయి. అవి తీసేస్తే వణుకంతా తిన్నగా గేర్‌బాక్సుకి తగుల్తాది. అందుకని స్ప్రింగులున్న క్లచ్ ప్లేటే ఎయ్యాలి. ఆ రేసు క్లచ్చి సంగతి మరిసిపో. నీ ఎడం కాలు సాయంత్రానికి నీది కాకుండా పోద్ది. పైగా అంత గట్టి క్లచ్చి జారదు. జారాల్సినప్పుడు జారకపోతే దెబ్బంతా గేర్లు తినాల. క్లచ్చి ముందు అరిగిపోవాల, గేర్‌బాక్సు బతకాల. అదీ లెక్క.”

“నీకు తెలిసినట్టు సెయ్యి. సోమవారం పొద్దున్న ఏడింటికి నేను బయల్దేరాల. నా బండి నువ్వు తప్ప ఎవరూ ఇప్పకూడదు.”

ఆ ఆఖరి మాట దగ్గరే కొండబాబు పడిపోయాడు. స్పేరు దొరకదనే అబద్ధం నాలిక చివర దాకా వచ్చి ఆగిపోయింది. ఎనిమిది నెలల్లో అంత నమ్మకంగా అడిగిన మనిషి ఇంకొకరు లేరు, సరే అనేశాడు.

సామాన్లు శనివారం మధ్యాహ్నానికి వైజాగు బస్సులో వచ్చాయి. గేర్‌బాక్సు దింపడం పెద్ద కష్టం కాలేదు. గొలుసు కట్టి, కింద పాత టైర్లు పేర్చి, నెమ్మదిగా వాటి మీదికి వదిలాడు. ఆదివారం ఉదయం కొత్త ఫ్లైవీల్ ముఖాన్ని చమురు మరక లేకుండా తుడిచాడు. కొత్త బోల్టులు వేసి, ఎదురెదురుగా ఒక్కొక్కటీ బిగువు కొలిచే రెంచీతో బిగించాడు. ప్లేటుని నడిమధ్య నిలబెట్టడానికి అతని దగ్గర ఒక సాధనం ఉంది, ఏనాడో చచ్చిన గేర్‌బాక్సు షాఫ్టుని కోసి తనే చేసుకున్నది. దాన్ని గుచ్చి, క్లచ్ ప్లేటుని అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు బిగించి, మళ్ళీ బయటికి లాగాడు. ఆ కాసేపూ అతనికి ఎనిమిది నెలల బెంగ గుర్తు రాలేదు. పాట ఒకటి కూనిరాగం కూడా తీశాడు.

రాజులమ్మ కూరలకని బజారుకి వెళ్ళే వేళ చూసుకుని బండి కిందికి దూరాడు.

గేర్‌బాక్సుని ఛాతీ మీదికి దొర్లించుకున్నాడు. ఎత్తాడు. షాఫ్టు ప్లేటు పళ్ళని అందుకుంది, సగం లోపలికి వెళ్ళింది, ఆగింది. ఇంకా రెండు వేళ్ళ సందు ఉంది. మళ్ళీ నెట్టబోయాడు. ఎడమ చెయ్యి లాగేసింది, ఛాతీ మధ్య ఎవరో పిడికిలి బిగించినట్టయింది. కిందికి దింపితే ఇంకోసారి ఎత్తలేడు. వదిలేస్తే బరువంతా షాఫ్టు మీద వేలాడుతుంది. కుడి చెయ్యి గోనె పక్కన తడిమి రెండు పొడుగు బోల్టులు అందుకుంది. చెయ్యి ఏం చేస్తోందో కొండబాబుకి తెలుసు. ఇటో చుట్టు, అటో చుట్టు తిప్పుతూ సందు మూసేశాడు. మధ్యలో ఒకసారి టిక్కుమని చిన్న శబ్దం వచ్చింది.

బయటికి పాకి, నాలిక కింద మాత్ర పెట్టుకుని, చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. నొప్పి పావుగంటలో తగ్గింది. టిక్కుమన్న శబ్దం మాత్రం తగ్గలేదు.

మిగతా పని ముగించేసరికి మూడయింది. రోజా వచ్చి బండిని బైపాసు దాకా తిప్పి తెచ్చింది. “మాఁవయ్యా, పెడలు వెన్నలాగుంది!” అని నవ్వుతూ ఇంటికి తీసుకుపోయింది.

రాజులమ్మ పెట్టిన అన్నం కొండబాబు కలిపాడే గానీ తినలేదు. ఆమె ఖాళీ షెడ్డు వైపు చూసింది, మొగుడి మొహం చూసింది.

“ఎత్తేవా?”

కొండబాబు తలూపాడు. ఆమె తిడుతుందనుకున్నాడు, తిట్టలేదు. నేల మీద కూలబడింది.

“ఏటైనా అయిపోతే?” అంది.

“అదే భయంగా ఉందే. బోల్టుల్తో లాగేసేను. ప్లేటు వంగిపోయుంటాది.”

“నేనడిగింది బండి గురించా?” రాజులమ్మకి అప్పుడు ఏడుపొచ్చింది. “నీకేటైనా అయితే నేనేటైపోవాలని అడుగుతన్నాను!”

కొండబాబు కంచం పక్కకి నెట్టాడు. నెల తర్వాతో రెండు నెలల తర్వాతో, కొండ మలుపులో, ఆరుగురు టీచర్లు కూర్చుని ఉండగా ఆ గేర్‌బాక్సు మొరాయిస్తుంది. అప్పుడు ఎవరూ తనని అనరు. ఒకే ముక్క ఫ్లైవీల్ వేయించినందుకే ఇలా అయిందని రోజా తనని తానే తిట్టుకుంటుంది. ఆ ఆలోచనే అతను తట్టుకోలేకపోయాడు. సిగ్గుతో చచ్చినా సరేననుకుని ఫోను తీశాడు.

రోజా నిప్పులు కక్కుతూ వచ్చింది. “బాగానే నడుస్తంది కదా, మళ్ళీ ఇప్పడం ఏటి? రేపు పొద్దున్న ఆరుగురు నా కోసం నిలబడతారు!”

“గేర్‌బాక్సు నేను ఎత్తలేకపోయేనమ్మా. బోల్టుల్తో లాగి మూసేను. అది తప్పు. నాకు కామెర్లు కాదు, గుండెకి స్టెంటేసేరు.”

“నిన్ననే సెప్పొచ్చు కదా మాఁవయ్యా?”

“సెప్తే బండి ఇంకోళ్ళకి ఇస్తావని.”

“ఇచ్చేదాన్నే,” అంది రోజా. అబద్ధం చెప్పడం ఆమెకి రాదు.

ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నా సరే, కొండబాబు రెండో ఫోను చేశాడు. అది అతని దగ్గరే ఆరేళ్ళు పని నేర్చుకుని, ఇప్పుడు అనకాపల్లి రోడ్డులో పెద్ద షెడ్డు పెట్టుకున్న సంతోష్‌కుమార్‌కి. ‘ఎత్తలేకపోతన్నానురా’ అన్న ఒక్క మాట బయటికి రావడానికి మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు.

పావుగంటలో ఆటో వచ్చింది. అందులోంచి సంతోష్ చక్రాల మీద నడిచే గేర్‌బాక్సు జాకీ దింపాడు. ప్రశ్నలేం వెయ్యలేదు. ఇద్దరూ కలిసి గేర్‌బాక్సు దింపారు. ప్లేటు మధ్య భాగం ఒక పక్కకి వంగింది, ఫ్లైవీల్ మధ్యనున్న చిన్న బేరింగు అంచు నలిగింది. షాఫ్టుకి మాత్రం గీత కూడా పడలేదు. రోజా ఆ వంగిన ప్లేటుని చేతిలో పట్టుకుని చూసి, తలెత్తి కొండబాబుని చూసి, అక్కడున్న స్టూలు అతని దగ్గరికి జరిపింది. ఆమె కోపం అక్కడితో సరి.

అదే నంబరు ప్లేటూ బేరింగూ సంతోష్ షెడ్డులో ఉన్నాయి, తెప్పించాడు. జాకీ పిడి సంతోష్ పట్టుకున్నాడు. కొండబాబు పక్కకి ఒరిగి రెండు చేతులూ గేర్‌బాక్సు మీద వేశాడు.

“ఆపు. కొంచెం దించు. ఎనక వైపు లేపు. ఊఁ, ఇప్పుడు తొయ్యి.”

షాఫ్టు దానంతట అది లోపలికి జారింది. సందు లేకుండా కూర్చుంది. బోల్టులు చేతి వేళ్ళతోనే చివరి దాకా తిరిగాయి. అలా తిరిగితేనే పని సరిగ్గా అయినట్టు.

“నా జాకీకి బరువు తెలుస్తాది గానీ సందు తెలీదు గురువుగారూ,” అన్నాడు సంతోష్ చేతులు తుడుచుకుంటూ. తర్వాత కాస్త బెరుగ్గా, “రాజులమ్మ పిన్ని నాకు ఆర్నెల్ల కిందటే సెప్పింది. రెండుసార్లు జాకీ ఏసుకుని మీ వీధి మలుపు దాకా వచ్చేను. తిడతారని ఎనక్కి పోయేను,” అన్నాడు.

ఒట్టు తప్పిన రాజులమ్మ టీ గ్లాసులు పట్టుకుని గోడ వైపు చూసింది. ఎనిమిది నెలలు తను ఒంటరిగా మోశానని అనుకున్న దాన్ని వీళ్ళిద్దరూ కూడా మోశారని తెలిసి, కొండబాబు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సోమవారం ఏడింటికి రోజా బండి షెడ్డు ముందు నుంచే వెళ్ళింది. శబ్దం లేదు. గేరు మారినప్పుడు కొండబాబు చెవి ఒగ్గి విన్నాడు, తృప్తిగా ఉంది. ఆ తృప్తి వెనకే బెంగ కూడా వచ్చింది. ఆమె టీచర్లకి చెబుతుంది, టీచర్లు ఊరికి చెబుతారు. రోజాయే ‘ఇచ్చేదాన్నే’ అన్నప్పుడు ఇంకెవరు వస్తారు?

పదిన్నరకి మాడుగుల జీపు పెదబాబు వచ్చాడు. ఈ ఎనిమిది నెలల్లో మూడుసార్లు ఉత్త చేతుల్తో వెనక్కి పోయిన మనిషి. గుమ్మంలోంచే కేక వేశాడు.

“ఏటి కొండబాబూ, నా రెండో గేరు పళ్ళికిలిస్తంది. ఈసారైనా స్పేరు దొరుకుతాదా, లేదా?”

కొండబాబు లేచి నిలబడ్డాడు. గొంతు ఒక్కసారే సవరించుకున్నాడు.

“స్పేరు ఎప్పుడూ దొరుకుతాది పెదబాబూ. నాకే గుండెకి స్టెంటేసేరు. బరువెత్తలేను. సంతోష్ జాకీతో ఎత్తుతాడు, నేను ఇప్పుతాను, నేను కలుపుతాను. నీకిష్టమైతే ఇయ్యి, లేకపోతే లేదు.”

అని నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. పెదబాబు చొక్కా జేబులోంచి బీడీ తీశాడు, కొండబాబు ఛాతీ వైపు చూసి, వెలిగించకుండా మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

“అలగా,” అన్నాడు. “మరి జీపు ఎప్పుడు తెమ్మంటావు?”