ఎస్తేరు పెద్దమ్మ ఇంగ్లీషు

బాపట్లలో మా వీధి చివరి కిరాణా కొట్లో ఇప్పటికీ ఎర్ర సబ్బు బిళ్ళలు విడిగా అమ్ముతారు. కందిపప్పు తూయించుకుందామని వెళ్ళి నిలబడితే, ఆస్పత్రి వరండాలు కడిగినప్పుడు వచ్చే ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలి పప్పు సంగతి మరిచిపోతాను. మా పెద్దమ్మ ఒంటి వాసన అది. పౌడరు రాయని, పువ్వు పెట్టని మనిషి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మోచేతుల దాకా ఆ సబ్బుతో రుద్ది కడుక్కుని, గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, రేపల్లెలో మా ఇంటి వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని మాకు ఇంగ్లీషు నేర్పేది. ఆమెకు చదవటం రాదు, రాయటం రాదు. తెలుగులోనూ వేలిముద్రే. ఇంగ్లీషు మాట్లాడటం మాత్రం మా ఊరి హెడ్మాస్టరు కంటే బాగా వచ్చు.

పేరు ఎస్తేరు, మా అమ్మకు అక్క. పదమూడో ఏట ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సు దొరసానుల బంగళాకు ఆయాగా వెళ్ళి, పాతికేళ్ళు వాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసి, రొట్టెలు కాల్చి, వాళ్ళ కుక్కకు స్నానాలు చేయించి, ఆఖరి దొరసాని కూడా వాళ్ళ దేశం వెళ్ళిపోయాక ఒక ట్రంకుపెట్టెతో మా ఇంటికి వచ్చేసింది. పెట్టెలో నాలుగు చీరలు తప్ప ఏమీ లేవు గానీ, ఆ దొరసానులు పోట్లాడుకుంటూ, నవ్వుకుంటూ, వంటవాణ్ణి విసుక్కుంటూ అన్న మాటలన్నీ ఆమె బుర్రలో భద్రంగా ఉన్నాయి. మా బడి పుస్తకంలో ఎక్కడా కనిపించని మాటలవి. పుట్ అప్ విత్ అంటే భరించటమని, రన్ అవుట్ ఆఫ్ అంటే ఇంట్లో నిండుకోవటమని, పుల్ యువర్ సాక్స్ అప్ అంటే మేజోళ్ళు లేనివాళ్ళకు కూడా ఒళ్ళు వంచి పనిచెయ్యమని చెప్పటమని ఆమె నోటి నుంచే విన్నాను.

మాది లూథరన్ కుటుంబం. నాన్న కరెంటాఫీసులో గుమాస్తా. సాయంత్రం ప్రార్థనలో పిల్లలు తలా ఒక వాక్యం కంఠతా చెప్పనిదే అన్నం గిన్నె మూత తీసేవారు కాదు. పెద్దమ్మ వచ్చాక వాక్యం వెనకే ఒక ఇంగ్లీషు మాట కూడా చెప్పాలన్న నియమం పుట్టింది. రెండింటికీ ఒకటే చాప, ఒకటే చేతులు కట్టుకోవటం, కళ్ళు మూసుకోవటం. మా తమ్ముడు ప్రసాదు "డోంట్ కౌంట్ యువర్ చికెన్స్ బిఫోర్ దే ఆర్ హ్యాచ్డ్, ఆమెన్" అని గబగబా ముగించి కంచం ముందుకు జరుపుకునేవాడు. నాన్న నవ్వు ఆపుకోలేక తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. పెద్దమ్మకు మాత్రం అందులో నవ్వే విషయం కనిపించేది కాదు.

ప్రతి ఇంగ్లీషు మాటకూ తెలుగులో జోడీ వెతకటం ఆమె పద్ధతి. జోడీ దొరికితేనే మాట మనదైనట్టు లెక్క. ఇట్ నెవర్ రెయిన్స్ బట్ ఇట్ పోర్స్ అంటే గోరుచుట్టు మీద రోకటిపోటు. టూ మెనీ కుక్స్ అంటే మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. ఇవన్నీ ఊళ్ళో అందరూ అనేవే. సామెత దొరకనప్పుడు మాత్రం తనే ఒకటి కట్టేది. మేక్ హే వైల్ ది సన్ షైన్స్ అన్నదానికి, పెరట్లో మంచం మీద గుమ్మడి ఒడియాలు పెడుతూ, "ఎండ ఉన్ననాడే ఒడియం, లేనినాడు వానపాము" అంది. హోల్డ్ యువర్ హార్సెస్‌కు పెనుమూడి రేవులో ఒక తొందరపాటు మనిషి నీళ్ళలో పడిన రోజున, "పడవ ఒడ్డు పట్టకముందే పంచె ఎగ్గట్టకు" అంది. బెటర్ లేట్ దేన్ నెవర్ అన్నదానికి, తెనాలి నుంచి రెండు గంటలు ఆలస్యంగా వచ్చిన బండి దిగి చెమట తుడుచుకుంటూ, "ఎంత ఆలస్యమైనా రేపల్లె బండి రేపల్లెకే" అంది. పట్టాలు మా ఊళ్ళోనే ఆగిపోతాయి మరి, ఆ బండి ఇంకెక్కడికి పోతుంది?

ఇంగ్లీషు నాకు అలా రుతువుల వెంట వచ్చింది. వేసవిలో ముంజలు బొటనవేలితో పొడుచుకుని తింటూ, నీళ్ళు గౌను మీద కారుతుంటే కొన్ని మాటలు. వానాకాలం అడవులదీవి నుంచి గంపలో వచ్చిన పీతలు వంటింట్లో తప్పించుకుని తిరుగుతుంటే, అమ్మ పీట ఎక్కి కేకలు వేస్తుంటే కొన్ని. కోతలయ్యాక తేగలు కాల్చిన పొగలో, బూడిద మూతులతో కొన్ని. క్రిస్మసుకు వెదురుబద్దలతో నక్షత్రం కట్టి రంగు కాగితాలు అంటిస్తూ, పక్కన అరిసెలు వత్తే చెక్కల చప్పుడు వింటూ మరికొన్ని. తొక్కుడుబిళ్ళలో గీత తొక్కి కూడా తొక్కలేదని వాదిస్తే వసారాలోంచి "ప్లే ఫెయిర్!" అని కేక వినపడేది. దానికి బదులుగా నేను ఆమెకు చేసే పని ఒక్కటే. తెల్లవారగానే పక్కన కూర్చుని బైబిలు ఒక అధ్యాయం చదివి వినిపించటం. ఆమె కళ్ళు మూసుకుని, తల కొద్దిగా ఒంచి, నా గొంతు వినేది.

తొమ్మిదో తరగతిలో ట్యూషన్‌కు చేరాను. మాస్టారు తెనాలి నుంచి రోజూ బండిలో వచ్చి స్టేషను దగ్గర ఒక అద్దె గదిలో ఇంగ్లీషు చెప్పేవాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన పేరు అచ్చులో కావాల్సినంత ఉంది. రోజుకొక నుడికారం రాసుకురమ్మనేవాడు. మిగతా పిల్లలు గైడు నుంచి ఎక్కించుకొస్తే నేను పెద్దమ్మ మాట, పెద్దమ్మ జోడీ పట్టుకెళ్ళేదాన్ని. వారం తిరక్కుండా ఆయనే మా ఇంటికి వచ్చాడు. వసారాలో కుర్చీ వేస్తే కూర్చోకుండా, చాప మీదున్న పెద్దమ్మకు నమస్కారం పెట్టి, "మీ దగ్గర పెద్ద నిధి ఉందండి. పుస్తకం వేద్దామండి. మొదటి పేజీలోనే మీ పేరు వేయిస్తానండి" అన్నాడు.

ఒక్క మాటలో మూడు అండీలు. ఆమెను పాతికేళ్ళు "ఆయా" అన్నారు, ఆ తర్వాత "ఎస్తేరూ" అన్నారు. చొక్కా ఇస్త్రీ చేసుకున్న మనిషి ఎదురుగా నిలబడి అండీ అనటం ఆమె జీవితంలో అదే మొదలు. ఆ రాత్రి అమ్మతో, "నా పేరు అచ్చులో పడిద్దంటే! నా పేరు నేను చదవలేను, ఊరంతా చదివిద్ది" అని మళ్ళీ మళ్ళీ అంది. ఆమెకు పిల్లల్లేరు, పొలం లేదు, ఇల్లు లేదు. పేరు ఒక్కటే ఎక్కడైనా మిగలాలని ఆమెకు అంత ఆశ ఉందని మాకు అప్పుడే తెలిసింది.

ఏడాదిన్నర ఆమె చెప్పింది, నేను రాశాను. ఇంగ్లీషు స్పెల్లింగులు మాస్టారు దిద్దేవాడు, అది ఆయన కష్టమే, కాదనను. రెండు వందల పేజీల నోటుపుస్తకం నిండి, అట్ట ఊడి, దారంతో కుట్టుకున్నాక ప్రెస్సుకని ఆయన తెనాలి తీసుకెళ్ళాడు. పదో తరగతి పరీక్షలు అయిపోయిన వేసవిలో పుస్తకం వచ్చింది. ఆకుపచ్చ అట్ట, లోపల అచ్చు సిరా వాసన ఇంకా పచ్చిగా ఉంది. గదిలోనే నిలబడి మొదటి పేజీ చూశాను, రెండోది చూశాను, చివరిది కూడా చూశాను. 'ఎన్నో ఏళ్ళ నా పఠన ఫలితం' అని ఆయన ముందుమాట. ఒడియం ఉంది, పడవ ఉంది, రేపల్లె బండి ఉంది. పెద్దమ్మ లేదు.

"పేరు వెయ్యలేదేంటండి?" అన్నాను.

ఆయనేమీ తడబడలేదు. "ఆయా చెప్పిన ఇంగ్లీషంటే ఎవరు కొంటారమ్మా? నువ్వే చెప్పు. పెద్దావిడ, చదవటం కూడా రాదు. ఆమెకి తెలియాల్సిన పనేముంది?" అన్నాడు. నోటుపుస్తకం అడిగితే ప్రెస్సులో పోయిందన్నాడు.

ఆ మాటకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఇంటికి నడిచేటప్పుడు కోపం కంటే భయం ఎక్కువైంది. గుమ్మంలో పెద్దమ్మ చేతులు కడుక్కుని, తడి కొంగుకు తుడుచుకుని నిలబడి ఉంది. పుస్తకం అందుకుని గుండెలకు ఆనించుకుంది. "చదవ్వే సుగుణా, నా పేరు చదువు" అంది.

నేను చదివాను. లేని వాక్యాన్ని, గొంతు తడబడకుండా, బైబిలు చదివే గొంతుతోనే చదివాను. 'ఈ మాటలన్నీ నాకు ప్రసాదించిన రేపల్లె వాస్తవ్యురాలు శ్రీమతి ఎస్తేరుగారికి నా కృతజ్ఞతలు.' ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "శ్రీమతి అన్నాడా? పెళ్ళి కాలేదని తెలీదేమోలే" అని నవ్వి, "ఎక్కడుంది, చూపించు" అంది. ఆమె వేలు పట్టుకుని ఒక వరస మీద పెట్టాను. తెనాలి ప్రెస్సు చిరునామా అది. నాలుగు రోజులు కనిపించిన ప్రతివాళ్ళకూ ఆ వరస మీద వేలు పెట్టి చూపించింది. నాన్న ఆ వారం ఆఫీసు పనిమీద ఊళ్ళో లేకపోవటం, ప్రసాదు పుస్తకం ముట్టకపోవటం, మా పక్కిళ్ళలో చదువుకున్నవాళ్ళు లేకపోవటం వల్ల నేను బతికిపోయాను.

ఆదివారం వచ్చింది. మా గుడిలో మేలు జరిగినవాళ్ళు కృతజ్ఞత కానుక ఇస్తే, ఎవరు, ఏ మేలుకు ఇచ్చారో పాస్టరు అయ్యగారు పీఠం దగ్గర నిలబడి చదువుతారు. పెద్దమ్మ క్రిస్మసుకని పెంచుకుంటున్న నల్లపెట్టను కాళ్ళు కట్టి బుట్టలో తెచ్చింది. నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆపేదాన్నా అంటే, ఆపేదాన్నని నమ్మకంగా అనలేను. "సహోదరి ఎస్తేరుగారు, తన పేరు పుస్తకంలో అచ్చయినందుకు దేవునికి కృతజ్ఞతగా ఒక కోడిని సమర్పిస్తున్నారు" అని అయ్యగారు చదవగానే ఆడవాళ్ళ చాపల మీద గుసగుసలు బయలుదేరాయి. బుట్టలో కోడి కూడా కేకలు పెట్టింది.

ఆరాధన అయ్యాక సంఘపెద్దగారి కోడలు దగ్గరికి వచ్చింది. ఆమె టీచరు. "ఏదీ పెద్దమ్మగారూ, నేనూ చూస్తానండి" అని ఎంతో ఆప్యాయంగా పుస్తకం అందుకుంది. పెద్దమ్మ మడత పెట్టుకున్న పేజీ తెరిచి, గర్వంగా వేలు పెట్టింది. టీచరమ్మ ఆ వరస చదివింది, కిందా పైనా చదివింది, పేజీ తిప్పింది. "ఇది ప్రెస్సు అడ్రసండి. మీ పేరు ఏ పేజీలో ఉందో..." అంది, ఆమెకు మాత్రం ఏం తెలుసు?

"మా సుగుణ చూపిద్ది" అంది పెద్దమ్మ. అందరూ నా వైపు తిరిగారు. నేను చాప అల్లిక చూస్తూ నిలబడ్డాను. పెద్దమ్మ పుస్తకం మూసి, "ఇంటికెళ్దాం పదండి" అంది.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంది, చాలాసేపు కడుక్కుంది. మాస్టారి మాట చెప్పి ఏడ్చాను. నిన్ను బాధ పెట్టలేక అలా చదివానన్నాను. ఆమె విన్నది. "మాస్టారు పరాయోడు. మోసం చేశాడంటే చేశాడు" అంది. తర్వాత నా మొహంలోకి చూసి, నెమ్మదిగా, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నట్టే అడిగింది.

"మరి బైబిలు? ఇన్నేళ్ళూ అందులో ఉన్నదే చదివావా?"

మర్నాడు తెల్లవారి పక్కన కూర్చుని బైబిలు చదవటానికి ప్రసాదును పిలిచింది. వాడికి ఇంకా ఒత్తులు సరిగా పలకవు.

నాతో మాట్లాడటం మానలేదు. అన్నం పెట్టింది, జ్వరమొస్తే తల పట్టింది, నేను బాపట్లలో కాలేజీకి వెళ్ళేటప్పుడు స్టేషనుకు వచ్చి తెనాలి దగ్గరి జంపని దాటే దాకా కిటికీలోంచి తల బయట పెట్టొద్దని చెప్పింది. ఒక్క ఇంగ్లీషు ముక్క మాత్రం నాతో మళ్ళీ అనలేదు. నేనే ఏదైనా అంటే వినిపించనట్టు ఉండేది. తొంభైల చివర, ఆఖరి రోజుల్లో ఆమెను బాపట్ల ఆస్పత్రిలో పెట్టాం. కేరళ నర్సు వచ్చి ఇంగ్లీషులో పలకరిస్తే, లేవలేని మనిషి దిండు మీద తల తిప్పి, "హ్యాంగింగ్ ఇన్ దేర్, మై డియర్" అంది, ఎలాగో నెట్టుకొస్తున్నానని, కళ్ళు మెరుస్తూ. ఆ పిల్ల ఆశ్చర్యపోయి నవ్వింది. నేను మంచం పక్కనే ఉన్నాను. నా వైపు తిరిగి, "కాసిని మంచినీళ్ళియ్యమ్మా" అంది.

ఇప్పుడు నేనూ ఇంగ్లీషు టీచర్నే. పిల్లలు అర్థం కావాలంటే ఫోనులో చూసుకుంటారు, జోడీ ఎవరూ అడగరు. సాయంత్రం చాప మీద చేతులు కట్టుకునే పిల్లల్లేరు, వసారా పడగొట్టి మేడ కట్టారు. పెద్దమ్మ చెప్పిన ఆరువందల పైచిలుకు మాటల్లో నాకు గుర్తున్నవి ఏ యాభయ్యో. మిగతావి కావాలంటే ఆ ఆకుపచ్చ పుస్తకమే తెరవాలి, ఇంకెక్కడా లేవు. మొదటి పేజీలో ఖాళీ చోటు చాలా ఉంది. అక్కడ ఎస్తేరు అని రాద్దామని ఎన్నిసార్లు పెన్ను తీశానో. లేనప్పుడు ఉందని చదివాను. ఇప్పుడు రాసి, ఉన్నదే చదివినా, నమ్మాల్సిన మనిషి లేదు.